అకాడి కాకముందే

లేత టేకాకును రెండరచేతుల మధ్య వేసి నలిపితే చేతులు ఎర్రబడతాయి. గోరింటాకు లెక్క రాత్రంతా కట్టుకొని పడుకోవాల్సిన పని లేదు. నాలుగుసార్లు రుద్దితే చాలు, నెత్తురు అంటుకున్నంత ఎరుపు. ఉట్నూరుకు వచ్చిన మొదటి వానకాలంలోనే క్వార్టర్ల పిల్లలు నాకీ విద్య నేర్పారు. చెయ్యి తెగిందని ఏడుస్తూ ఇంట్లోకి ఉరికి అమ్మను హడలగొట్టడం మా ఆట.

ఓ రోజు అమ్మ వంతు అయిపోయాక, అవే చేతులతో నా గోండు దోస్తును బెదిరిద్దామని బయల్దేరాను. వాడు బడి వెనక బండ మీద కూర్చొని ఉన్నాడు. చేతులు చాపి "అబ్బా" అని మూలిగాను. వాడు నిజంగానే బెదిరాడు. కాని నేననుకున్న కారణానికి కాదు. నా చెయ్యి పట్టుకొని వాసన చూశాడు.

"టేకాకు తెంపినవా?"

"ఆ, ఏమైంది?"

"అకాడి కాలేదు గదరా!"

నన్ను కాలువ దగ్గరికి ఈడ్చుకుపోయి, ఒండ్రుమట్టి వేసి అరచేతులు తోమాడు. ఎరుపు పోలేదు. ఇంక ఊడదని తేలాక, వాళ్ల తాత కంట పడకుండా చేతులు నిక్కరు జేబుల్లో పెట్టుకొమ్మన్నాడు. మూడు రోజులు అట్లాగే తిరిగాను. బడిలో పలక పట్టుకోవాల్సి వస్తే వాడే నా పలక కూడా పట్టుకున్నాడు.

అకాడి ఏమిటో వాడే తర్వాత చెప్పాడు. తొలకరి పడి చెట్లు చిగిరించాక, ఆషాఢంలో ఊరివాళ్లంతా కలిసి అడవిలో దేవుడికి పూజ చేస్తారు. అది అయ్యేదాకా వాళ్ల ఊళ్లో కొత్త టేకాకు ఎవరూ తెంపరు. అయ్యాక అదే ఆకులో అన్నం తింటారు, దాన్నే కుట్టి దొప్ప చేస్తారు, వానకు గుడిసె మీద కప్పుతారు. ఆకు అదే, అడవి అదే. నడుమ ఒక్క రోజు తేడా. ఎనిమిదేళ్ల నాకు ఆ తేడా తలకెక్కలేదు. ఎదురుగా ఉన్నది ఎందుకు తెంపకూడదు?

మేం ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరు వెళ్లింది 1982లో. బాపు బడిపంతులు. ఏజెన్సీకి బదిలీ అయిందంటే కరీంనగర్‌లో చుట్టాలందరూ పరామర్శకు వచ్చినట్టు వచ్చి వెళ్లారు. దోమలు, చలిజ్వరం, ఎలుగుబంట్లు అంటూ ఒక్కొక్కరు ఒక్కో భయం మూటగట్టి ఇచ్చారు. లక్షెట్టిపేట దాటి, జన్నారం దాటాక బస్సుకు రెండు పక్కలా టేకువనం మొదలైంది. కిటికీలోంచి వచ్చే గాలి మారిపోయింది. సామాన్ల మీద కునికిపాట్లు పడుతున్న అమ్మ లేచి, కొంగు చెవుల చుట్టూ కట్టుకుంది.

ఉట్నూరు అప్పటికి ఊరూ కాదు, పట్నమూ కాదు. గిరిజనాభివృద్ధి సంస్థ ఆఫీసు, దవాఖాన, బడులు, పెంకుల క్వార్టర్లు, కూలిపోయిన గోండురాజుల కోట, వారం వారం అంగడి. ఆ చుట్టుపక్కల చలి తెలంగాణలో మరెక్కడా ఉండదు. సంక్రాంతి ముందు పొద్దున్నే నీళ్ల తొట్టిలో చెయ్యి పెడితే వేళ్లు కొంకర్లు పోయేవి. కొబ్బరినూనె సీసాను పొయ్యి పక్కన పెట్టుకొని తలకు రాసుకునేవాళ్లం.

పెద్దవాళ్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే మాట ఒకటుండేది: ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న అక్కడ సభకు వస్తున్న ఆదివాసుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. పదముగ్గురు చనిపోయారని సర్కారు లెక్క. ఆ లెక్కను ఆ చుట్టుపక్కల ఊళ్లలో నమ్మినవాళ్లు నాకు కనపడలేదు. మేం వెళ్లేనాటికి అది జరిగి ఏడాది. బస్సు ఇంద్రవెల్లి మీదుగా పోతుంటే లోపల మాటలు ఆగిపోయేవి. ఎందుకని అడిగితే బాపు, "కిటికీలోంచి తల బయట పెట్టకు" అనేవాడు. నేను తల పెట్టనే లేదు.

ఇదంతా ఇన్నేళ్లకు ఎందుకు కదిలిందంటే, మొన్నొక ఆదివారం. మా ఆవిడ చెల్లెలింటికి పోయింది. హైదరాబాద్‌లో పొద్దున్నుంచి ఒకటే ముసురు. చాయ్ కప్పు పక్కన పెట్టుకొని కంప్యూటర్ తెరిచి, ఏమీ తోచక 'మార్లవాయి' అని కొట్టాను. అంతే, రాత్రి దాకా లేవలేదు.

మార్లవాయి ఉట్నూరుకు అడవిలోంచి బస్సు దూరం. ఆ ఊరిని ప్రపంచానికి చూపించిన మనిషి క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. 1909లో వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేనాటికి ఇండియాలో ఉన్నాడు. చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిషువాళ్ల లెక్కలో శత్రుదేశపు మనిషి కాబట్టి హైదరాబాద్ సంస్థానం దాటి పోవడానికి లేదు. వెళ్లలేని మనిషి ఉన్నచోటనే తవ్వుకుంటూ పోయాడు. నల్లమల చెంచుల మీద, గోదావరి కొండరెడ్ల మీద, చివరికి ఆదిలాబాద్ రాజగోండుల మీద పుస్తకాలు రాశాడు. అటవీ అధికారుల మీద తిరగబడ్డ కొమురం భీం 1940లో జోడేఘాట్ గుట్టల్లో నిజాం పోలీసుల తూటాలకు నేలకొరిగాక, అసలీ అడవిలో రగులుతున్నదేమిటో తెలుసుకొని చెప్పమని సర్కారు హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు.

ఆయన తర్వాత లండన్‌లోని సోయాస్‌లో ప్రొఫెసర్ అయ్యాడు. తీసిన ఫోటోలన్నీ అక్కడికే చేరాయి. వేలకొద్దీ నలుపు తెలుపు బొమ్మలు. ఇప్పుడు ఎవరైనా ఇంట్లో కూర్చొని చూడొచ్చు. నేను చూశాను. దండారి పండుగలో ఆడేవాళ్లు, తడికల ఇళ్లు, వాకిట్లో ముసలమ్మలు. ఒక్కో ముఖం దగ్గర ఆగి పెద్దది చేసి చూశాను, నా దోస్తు తాత పడుచు ముఖం దొరుకుతుందేమోనని. ఒకరిద్దరు ఆయనలాగే అనిపించారు. ఎరుపెక్కిన చేతులు ఆయనకు కనపడకుండా మూడు రోజులు తప్పించుకు తిరిగినవాణ్ణి, ఆయన ముఖం గుర్తుపట్టగలనన్న నమ్మకం నాకు లేదు.

ఆ బొమ్మల మధ్య ఇంకో సంగతి దగ్గర నా వేలు ఆగింది. 1943లో మార్లవాయిలో గోండు పిల్లగాళ్లను పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం పెట్టారు. గోండీలోనే వాచకాలు రాయించారు. ఆ తర్వాత ఆదిలాబాద్ జిల్లాలో పనిచేసిన సేతుమాధవరావు పగడి అనే అధికారి గోండీ నేర్చుకొని, ఆ భాషకు వ్యాకరణం రాశాడు. చదువుతుంటే నాకు మా బడి గుర్తొచ్చింది. వాచకాలు వచ్చిన నలభై ఏళ్లకు, ఆ ఊరికి బస్సు దూరంలో, మా బడిలో గోండీ మాట్లాడితే గోడకుర్చీ. ఒకసారి నా దోస్తు నీళ్లు తాగొస్తానని అడగబోయి నోరు జారి 'ఏర్' అన్నాడు. గోండీలో ఏర్ అంటే నీళ్లు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. వాడు పీరియడ్ అయ్యేదాకా గోడకుర్చీ వేశాడు.

మన ఏరూ, వాళ్ల ఏర్ ఒక్కటే మాట అని ఆ పంతులుకూ తెలియదు, నాకూ తెలియదు. మనకు కన్ను, వాళ్లకు కన్. మనకు చెయ్యి, వాళ్లకు కై. మన ఇప్ప వాళ్ల నోట ఇర్పు. గోండీ తెలుగుకు పినతల్లి బిడ్డ లాంటిది. ఒకే ఇంట్లోంచి విడిపోయి, ఒకరు పొలాల్లోకీ ఒకరు గుట్టల్లోకీ వెళ్లిన అక్కచెల్లెళ్లు. చెల్లెలు మాట్లాడితే అక్క కొడుకులం పగలబడి నవ్వామన్నమాట.

ఇప్ప అన్నాను కదా. దాని సంగతి చెప్పకుండా ముందుకు పోలేను.

మా అమ్మకు ఇప్పపువ్వంటే సారాపువ్వు. ఇంటి ఛాయలకు రానిచ్చేది కాదు. మార్చి నెల చివర, ఒంటిపూట బడుల రోజుల్లో ఓసారి, కడుపునొప్పని చెప్పి పొద్దున్నే చెంబు పట్టుకొని వెళ్లినవాణ్ణి, దోస్తు వెంట వాళ్ల ఇప్పచెట్టు కిందికి చేరాను. ఇంకా చీకటి. వాళ్ల అవ్వ, అమ్మ, చెల్లెలు అప్పటికే బుట్టలతో వంగి ఉన్నారు. చెట్టు కింద ఎండుటాకులు ముందే కాల్చి నేల నల్లగా, శుభ్రంగా చేసి పెట్టారు. ఆ నల్లటి నేల మీద తెల్లటి పూలు, చుక్కల ఆకాశం తిరగేసి పరిచినట్టు.

ఇప్పపువ్వును కొయ్యరు. అది తనంతట తాను రాలాలి. రాత్రి మూడోజాము నుంచి పొద్దెక్కేదాకా ఒక్కొక్కటే టప్ టప్ మని పడుతుంది. దులిపితే రాదు, కర్రతో కొడితే రాదు. మన తొందర దానికి పట్టదు. పొద్దెక్కాక వెళ్తే పశువులు, అడవిపందులు నీకేమీ మిగల్చవు. ఇంకా ముందే వెళ్తే ఎలుగుబంటి ఎదురవుతుంది. దానికీ ఇప్పంటే ప్రాణం. అందుకే వాళ్ల అమ్మ చెట్టు దగ్గరికి చేరే ముందు దూరం నుంచే గట్టిగా దగ్గుతూ, మాట్లాడుతూ వచ్చేదట.

వాళ్ల అవ్వ ఓ పువ్వు తీసి నా చేతిలో పెట్టింది. తెలుగు ఆమెకు రాదు, గోండీ నాకు రాదు. మీగడ రంగు, గోటి పొడవు, లోపల బోలు. నానిన కిస్‌మిస్ అంత మెత్తన. నోట్లో వేసుకోబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టి, పువ్వును గిల్లి లోపలి కేసరాలు తీసేసి, అప్పుడు తినమని సైగ చేసింది. ముందు తేనె, వెంటనే కొంచెం ఘాటు, ఆ వెనక గొంతులో పట్టుకునే ఒక బరువైన తీపి. పది తిన్నాను. పదకొండోదానికి ఆమె వద్దన్నట్టు తల ఊపింది. పచ్చి ఇప్ప ఎక్కువైతే తల తిరుగుతుంది.

ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలోనే నిలబడింది. ముక్కు దగ్గరగా పెట్టి ఓసారి పీల్చింది. తర్వాత జరిగింది రాయను. కాని కథ అక్కడ ఆగలేదు. ఆ వానకాలం నాకు టైఫాయిడ్ వచ్చి, తగ్గినా బువ్వ సయించక ఒళ్లు చిక్కి సగమయ్యాను. ఓ సాయంత్రం దోస్తు వాళ్ల అమ్మ మా వాకిట్లోకి వచ్చి "రాం రాం" అని, కొంగు ముడి విప్పి చిన్న పొట్లం పెట్టి వెళ్లింది. ఎండబెట్టి వేయించిన ఇప్పపూలు, నువ్వులతో కలిపి దంచిన ముద్దలు. అమ్మ వాటిని రెండు రోజులు అటకమీద ఉంచింది. మూడో రోజు నేను గంజి కూడా కక్కేసినప్పుడు, నా చేతిలో ఒక ముద్ద పెట్టి అటు తిరిగి నిలబడింది. అది కడుపులో నిలిచింది. తర్వాతి ఏడు మార్చిలో అమ్మే అడిగింది: "మీ దోస్తు వాళ్లు ఇప్ప ఏరుతున్నరా?" ఆమె ఆ మాటను కూరగాయల ధర అడిగినట్టు అడిగింది. నేనూ అట్లాగే జవాబిచ్చాను.

నాలుగేళ్లలో నాకు గోడ మీది క్యాలెండర్‌తో పని లేకుండా పోయింది. ఇప్ప అయిపోయిందంటే మొర్రిపండ్లు. నల్లగా బఠాణీ గింజంత ఉంటాయి, నాలుక వంకాయ రంగుకు తిరుగుతుంది. తిని ఊసిన గింజలు పారేయరు, పగలగొడితే సారపప్పు. సేమ్యా పాయసంలో అమ్మ కొలిచి కొలిచి వేసే సారపప్పు ఈ ఉమ్మేసిన గింజల్లోదేనని తెలిసిన రోజు నా మీద నాకే నవ్వొచ్చింది. ఆ వెంటే తునికిపండ్లు. పసుపుపచ్చగా, సపోటా గుజ్జులాగా ఉండి, సగం పండింది కొరికితే నోరంతా వగరుతో కట్టేస్తుంది. అదే చెట్టు ఆకు బీడీలకు పోతుంది. ఎండకాలం తునికాకు కల్లం దగ్గర యాభై ఆకులకో కట్ట కట్టి, వరుసల్లో ఆరబెట్టేవాళ్లు. నా దోస్తుకు పాఠ్యపుస్తకంలో ఎక్కం రాకపోయినా కట్టల లెక్కలో తప్పు పోయేది కాదు.

వాన పడితే పుట్టగొడుగులు, బొడకాకర, తుమ్మికూర. ఎడ్లకు విశ్రాంతి ఇచ్చే పొలాల అమావాస్య దాటితే అడవిదుంపలు. దసరా దీపావళి నడుమ సీతాఫలాలు. కన్ను తెరుచుకున్న కాయను వరిగడ్డిలో మాగేసి రోజూ ఒత్తి చూసుకోవడం. చలికాలం రేగుపండ్లు, ఉసిరికలు. దేనికీ దుకాణం లేదు, అయితే దేనికైనా దాని రోజు ఉంది. ఆ రోజుకు ముందు అడిగితే దోస్తు చెప్పే జవాబు ఒక్కటే: "ఇంకా కాలేదు." కొత్త పంట ఇంటికి వచ్చినా ముందు దేవుడికి పెట్టి, పెద్దలకు పెట్టి, ఆ తర్వాతే నోట్లో పెట్టుకునేవాళ్లు. మా ఇంట్లో మొదటి మామిడికాయ ఎవరు ముందు లాక్కుంటే వాళ్లది.

ఆదివారం మధ్యాహ్నానికి కంప్యూటర్ నన్ను ఉషేగాం చేర్చింది. జైనూరు దగ్గరి ఊరు. అక్కడి ఓజులు ఇత్తడితో పోతపోసే బొమ్మలను ఇప్పుడు ఆదిలాబాద్ డోక్రా అంటున్నారు, 2018లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెర మీద గుర్రాలు, గంటలు, దేవుళ్లు, మానికలు వరుసగా వచ్చాయి. పొడవు ఇంత, బరువు ఇంత, ధర ఇంత, రెండు రోజుల్లో ఇంటికి.

బాపు నన్ను ఆ ఊరు తీసుకెళ్లింది 1984 ఎండాకాలం సెలవుల్లో. ఓ పెద్దాయన వేపచెట్టు నీడలో మట్టిముద్దతో గంట ఆకారం చేసి పెట్టుకున్నాడు. తేనెమైనంలో గుగ్గిలం లాంటి జిగురు కలిపి కాచి, దాన్ని దారంలా సాగదీసి, ఆ మట్టి మీద చుట్టూ చుట్టుకుంటూ వస్తున్నాడు. దారం పక్కన దారం, సందు లేకుండా. మధ్య మధ్య ఎండ చురుక్కుమంటే మైనం మెత్తబడుతుందని నీడ ఎటు జరిగితే అటు జరుగుతున్నాడు. ఆ మైనపు దారాల మీద మళ్లీ మెత్తటి మట్టి పూత, దాని మీద ముతక మట్టి. కింద ఓ దారి వదులుతారు. కొలిమిలో పెడితే మైనం కరిగి కారిపోతుంది. మైనం ఖాళీ చేసిన జాగాలోకి కరిగిన ఇత్తడి పోస్తారు. మైనపు దారం ఏ గీత గీసిందో ఇత్తడి ఆ గీతే గీస్తుంది. మొహెంజోదారో నాట్యకత్తె బొమ్మను చేసిందీ ఈ పద్ధతిలోనే.

మేం వెళ్లినప్పుడు మట్టిపూత ఆరడానికి పెట్టిన అచ్చులు నీడలో వరుసగా ఉన్నాయి. ఎండలో పెడితే త్వరగా ఆరుతాయి కదా అని బాపు అడిగాడు. "పలుగుతయ్ సార్" అన్నాడాయన. అంతకుమించి వివరించలేదు. పోతపోసి చల్లారిన అచ్చు ఒకటి నా ముందు పెట్టి, సుత్తి చేతికిచ్చాడు. భయం భయంగా కొట్టాను. మట్టి పెళ్లలు ఊడిపడి లోపలి నుంచి బొగ్గు రంగు గంట తొంగిచూసింది. అచ్చు పోయింది. దానితో ఇంకో గంట చెయ్యడం ఆయన వల్ల కూడా కాదు. మళ్లీ మట్టి, మళ్లీ మైనం, మళ్లీ నీడ. ఆ గంట నాకే ఇచ్చాడు, బాపు ఎంత బలవంతపెట్టినా పైసలు సగమే తీసుకున్నాడు. మూడు బదిలీల తర్వాత ఏ అటుకుల డబ్బాలోనో అది పోయింది. తెర మీద అలాంటి గంటే కనిపిస్తే బుట్టలో వేశాను. డబ్బు కట్టే దాకా వచ్చి ఆగిపోయాను. దాని మట్టి ఎవరు పగలగొట్టారో.

సాయంత్రానికి దండారి వీడియోలు మొదలుపెట్టాను. దీపావళికి ముందు మొదలవుతుంది దండారి. నెమలి ఈకల పెద్ద టోపీ, దానికి కొమ్ములు, ఒంటినిండా బూడిద, భుజాన మేకతోలు, చేతిలో కర్ర, కాళ్లకు గజ్జెలు. ఆ వేషం కట్టినవాణ్ణి గుస్సాడీ అంటారు. ఊరి నుంచి ఊరికి జట్టుగా పోతారు, పోయిన ఊరు వాళ్లకు అన్నం పెడుతుంది. మొదటిసారి గుస్సాడీ మా క్వార్టర్ల దిక్కు వచ్చినప్పుడు నేను మంచం కింద దాక్కున్నాను. మంచం కిందికి వంగి, బూడిద పూసుకున్న ముఖంతో నవ్విన గుస్సాడీ మా దోస్తు పెదనాన్న. అంతకు ముందు వారం మాకు కట్టెలు తెచ్చి ఇచ్చిన మనిషే. అదే నోరు, అవే పళ్లు, కాని మొక్కమని అమ్మ నా తల వంచింది. వేషం కట్టిన అన్ని రోజులూ వాళ్లు స్నానం చెయ్యరు, ఒంటి మీది బూడిద కడగరు. కోలబొడి అనే చివరి పూజతో ఆట ముగిశాకే మళ్లీ మామూలు మనుషులు. ఆ బూడిద కడుక్కునే రోజు కూడా ముందే రాసిపెట్టి ఉంది.

ఆ గుస్సాడీ ఆటను ఎందరికో నేర్పిన మార్లవాయి కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటించారు. 2024లో ఆయన పోయాడు. హైమెండార్ఫ్, బెట్టీల సమాధులు ఆ ఊళ్లోనే పక్కపక్కన ఉన్నాయి. ఏటా జనవరి 11న ఊరు వాళ్ల వర్ధంతి జరుపుతుంది.

చివరగా కెస్లాపూర్ నాగోబా దేవుడి జాతర. గోండుల్లో మెస్రం వంశంవాళ్లు గోదావరి నీళ్ల కోసం కాలినడకన పోయి, కలశంలో పట్టుకొని అదే కాలినడకన తిరిగొస్తారు. పుష్య అమావాస్య రాత్రి ఆ నీళ్లతో పూజ. ఆ వంశానికి కొత్తగా వచ్చిన కోడళ్లను ఆ రోజు పెద్దల ముందు నాగోబాకు పరిచయం చేస్తారు. తెల్లచీర కట్టుకొని ముసుగుతో వరుసగా నిలబడతారు. భేటింగ్ అంటారు. అది అయ్యేదాకా వాళ్లకు నాగోబా దర్శనం లేదు. పదేళ్ల వయసులో దుప్పటి కప్పుకొని బాపు భుజం మీద నుంచి ఆ వరుస చూశాను. కోడళ్లలో ఒకామె చంకలో పిల్లాడున్నాడు. అంటే పెళ్లయి ఎన్నాళ్లయిందో, ఆమె ఎన్ని పుష్యాలు ఎదురు చూసిందో. బాపును అడిగితే ఆయన కాసేపు ఆలోచించి, "దేవుడు ఎక్కడికీ పోడు కదరా" అన్నాడు.

చీకటి పడింది. వాన ఆగింది. పొద్దున్నుంచి ఎన్ని తెరిచానో లెక్కలేదు. 1940ల మార్లవాయి, జోడేఘాట్, లండన్, ఉషేగాం, కెస్లాపూర్ అన్నీ ఒకే కుర్చీలో తిరిగొచ్చాను. ఇప్పపూల పొట్లాలు కూడా అమ్మకానికి కనపడ్డాయి, ఏడాది పొడవునా దొరుకుతాయట. ఏదీ నన్ను "ఇంకా కాలేదు" అనలేదు. అడిగిన ప్రతిదీ అడగ్గానే వచ్చింది. అందుకేనేమో, చూసిందేదీ చేతికి అంటుకున్నట్టు లేదు.

చివరికి అకాడి అని కూడా వెతికాను. ఏయే మండలాల్లో ఎట్లా చేస్తారో, ఏం నైవేద్యం పెడతారో, పాత పత్రికల్లో ఉంది. బొమ్మలతో సహా ఉంది. దొరకనిదల్లా ఒక్కటే. మా దోస్తు వాళ్ల ఊళ్లో ఈ ఏడు అయిందా, కాలేదా?

మా అపార్ట్‌మెంట్ ప్రహరీ పక్కన ఎవరో నాటిన టేకుచెట్టు ఒకటుంది. జూన్ వానలకు చిగిరించి, ఆకులు అరచేయంత అయ్యాయి. గాలి పీల్చుకుందామని కిందికి దిగినప్పుడు ఓ లేతాకు చేతికందే ఎత్తులో ఊగుతోంది. చెయ్యి పైకెత్తాను కూడా.

వాడి నంబరు నా ఫోన్‌లో ఉంది. నాలుగేళ్ల కింద వాళ్లబ్బాయికి హైదరాబాద్‌లో కోచింగ్ గురించి వాడే చేశాడు. ఆ తర్వాత చెయ్యలేదు, నేనూ చెయ్యలేదు. పత్తిచేనులో ఉన్నాడేమో, మూడు రింగుల తర్వాత ఎత్తాడు. వెనక ఎడ్ల గంటలు వినపడ్డాయి.

"రాం రాం" అన్నాను.

"రాం రాం. ఎవరు?"

చెప్పాను. కాసేపు ఇద్దరం నవ్వాం, అమ్మ ఎట్లుంది, బాపు పోయి ఎన్నేండ్లాయె, పత్తి మొలిచిందా, అన్నీ అయ్యాయి. అప్పుడు అడిగాను.

"అకాడి అయిందారా?"

అవతల ఓ క్షణం మాట లేదు.

"ఇంకా కాలే. వచ్చే వారం." మళ్లీ ఆగి, గొంతు తగ్గించి అన్నాడు: "ఏం, తెంపినవా?"

"లేదు," అన్నాను. పైకెత్తిన చెయ్యి దింపి, జేబులో పెట్టుకున్నాను.